మొదటిసారి మెక్సికో: యుకతాన్‌లో వారం రోజుల ట్రిప్పు ప్లాను చేసుకోవడం ఎలా

మనవాళ్లలో చాలామందికి మెక్సికో అంటే యుకతాన్ ద్వీపకల్పంలోని బీచి ఊరు కాంకూన్. లాంగ్ వీకెండ్ చూసుకుని హ్యూస్టన్ నుంచో డాలస్ నుంచో రెండు మూడు గంటల్లో దిగడం, రిసార్టులో చేరడం, మధ్యలో ఒక రోజు టూరు బస్సెక్కి పాత మాయా నగరం చిచెన్ ఇట్సా చూసి రావడం. తిరిగొచ్చాక తిట్టుకునేది ఆ ఒక్క రోజునే. రానూ పోనూ ఐదారు గంటలు బస్సులోనే పోతాయి, దిగేసరికి మిట్టమధ్యాహ్నం, పిరమిడ్ చుట్టూ చెట్టు నీడ కూడా ఉండదు, గైడు గంటన్నరలో బస్సెక్కమంటాడు. అదే ముందు రాత్రి 45 కిలోమీటర్ల దూరంలోని వయ్యదొలీద్‌లో పడుకుని ఉంటే ఉదయం 8 గంటలకు గేటు తీసేసరికి ముందు వరసలో ఉండొచ్చు. కాబట్టి ఈ ట్రిప్పులో మొదట తేల్చుకోవాల్సింది ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకోవాలన్నది. టికెట్లు, కారు, టూర్లు అన్నీ దాని తర్వాతే.

అంతకంటే ముందు వీసా సంగతి.

వీసా: స్టాంపింగ్ గడువు తీరినవాళ్లు జాగ్రత్త

భారతీయ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంజెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా గడువుతో ఉన్నా, ఆ దేశాల శాశ్వత నివాసం ఉన్నా, మెక్సికో వీసా లేకుండానే పర్యాటకులుగా వెళ్లొచ్చు. గరిష్ఠం 180 రోజులు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకెళ్లాలి.

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఐ-797 అప్రూవల్ నోటీసు ఎంత కొత్తదైనా అది వీసా కాదు. పాస్‌పోర్టులో స్టాంపింగ్, అంటే వీసా ముద్ర, గడువు దాటిపోయి ఉంటే ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. 'ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉందిగా' అని స్నేహితులు చెబుతారు. ఉన్నమాట నిజమే. 30 రోజుల లోపు మెక్సికోకో కెనడాకో వెళ్లొస్తే గడువు తీరిన వీసాతోనే, అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు చెల్లుబాటులో ఉంటే అది చూపించి అమెరికాలోకి తిరిగి రావొచ్చు. కానీ అది తిరిగి రావడానికి అమెరికా ఇచ్చిన వెసులుబాటు. మెక్సికోలోకి వెళ్లడానికి అది పనికిరాదు. స్టాంపింగ్ లేనివాళ్లు అమెరికాలోని మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకునే బయల్దేరాలి. ఇంకో మెలిక ఉంది: ఎలాగూ వెళ్తున్నాం కదా అని అక్కడి అమెరికా కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కి దరఖాస్తు పెట్టారంటే ఈ వెసులుబాటు పోతుంది, కొత్త వీసా చేతికొచ్చేదాకా అక్కడే ఉండిపోవాలి.

గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తుండగా తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి, అడ్వాన్స్ పెరోల్ మీద ప్రయాణించేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అది అమెరికాలోకి రావడానికి పనికొస్తుంది, మెక్సికో వాళ్ల దృష్టిలో వీసా కాదు. ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండి చేతిలో హెచ్ గానీ ఎల్ గానీ స్టేటస్ లేనివాళ్లు అడ్వాన్స్ పెరోల్ రాకుండా దేశం దాటితే ఆ దరఖాస్తే పోతుంది. ఇలాంటి కేసుల్లో టికెట్ కొనకముందే లాయర్‌ని అడగడం మేలు.

హైదరాబాద్ నుంచి మెక్సికోకి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే, విమానం మారడానికి రెండు గంటలే ఆగినా ఇమిగ్రేషన్ దాటాల్సిందే. అక్కడ బయటికి రాకుండా కూర్చునే ట్రాన్సిట్ ఏర్పాటు లేదు కాబట్టి అమెరికా వీసా ఉండాలి. అది లేనివాళ్లు ఢిల్లీలోని మెక్సికో ఎంబసీలో వీసా తీసుకుని, ఇస్తాంబుల్ మీదుగానో యూరప్ మీదుగానో చూసుకోవాలి. యూరప్‌లో ఆగే ఎయిర్‌పోర్టును బట్టి ట్రాన్సిట్ వీసా అడగొచ్చు, అది ముందే కనుక్కోండి.

ఏ నెలలో

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పగలు మన సంక్రాంతి రోజుల ఎండ, రాత్రి హాయిగా ఉంటుంది. ఈ నెలల్లో 'నోర్తె' అనే ఉత్తరపు గాలి అప్పుడప్పుడు రెండు మూడు రోజులు వీస్తుంది. అప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, పడవలు ఆగిపోతాయి, సాయంత్రం పల్చటి జాకెట్ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో యుకతాన్ రాష్ట్ర రాజధాని మెరిదాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి ఉక్కపోత తోడు. విజయవాడ వేసవి ఎరిగినవాళ్లకి కొత్తేమీ కాదు గానీ, సెలవు పెట్టి డబ్బులు పోసి మరీ ఆ ఎండలోకి వెళ్లనవసరం లేదు.

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అసలు ప్రమాదం ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో. 2005 అక్టోబరులో విల్మా కాంకూన్‌ని చితక్కొట్టింది. ఈ నెలల్లో వెళ్తే డబ్బు వెనక్కి వచ్చే బుకింగులే చేసుకోండి.

రిసార్టు ఫొటోల్లో కనిపించనిది ఇంకొకటుంది, సర్గాసో. గోధుమరంగు సముద్రపు నాచు ఇది. దాదాపు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా కరీబియన్ ఒడ్డుకి గుట్టలు గుట్టలుగా కొట్టుకొస్తుంది. కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. తూర్పు ముఖంగా ఉన్న తులూమ్, ప్లాయా దెల్ కార్మెన్ తీరాలకు దెబ్బ ఎక్కువ. ఇస్లా ముహేరెస్ ద్వీపం ఉత్తరపు కొసనున్న ప్లాయా నోర్తె, కొసుమెల్ పడమటి ఒడ్డు చాలావరకు తప్పించుకుంటాయి. వేసవి సెలవుల్లో తప్ప కుదరనివాళ్లు సముద్రపు రాత్రులు అక్కడ పెట్టుకోవాలి.

ఏడు రాత్రుల పంపకం

రెండు రాత్రులు వయ్యదొలీద్, మూడు మెరిదా, చివరి రెండు సముద్రం దగ్గర. సముద్రాన్ని చివర్లో పెట్టడానికి కారణముంది. తిరుగు విమానం కాంకూన్ నుంచే కాబట్టి ఆఖరి రోజు దగ్గర్లో ఉంటారు. పైగా ఎండలో తిరిగే పనులు ఒంట్లో ఓపిక ఉండగానే అయిపోతాయి. మొదటి రెండు రోజులూ బీచిలో ఒళ్లు కాల్చుకున్నవాళ్లు మూడో రోజు శిథిలాల మధ్య నడవలేరు.

విమానం మధ్యాహ్నం మూడింటిలోపు దిగితే ఆ రోజే వయ్యదొలీద్ వెళ్లిపోవచ్చు. 160 కిలోమీటర్లు, టోల్ రోడ్డులో రెండు గంటలు. సాయంత్రం దిగితే ఆ రాత్రి కాంకూన్ ఊళ్లో బస్‌స్టేషన్ దగ్గర పడుకుని పొద్దున్నే బయల్దేరాలి. కాంకూన్‌లో రెండు కాంకూన్‌లున్నాయి: సముద్రాన్ని ఆనుకుని పొడుగ్గా సాగే హోటల్ జోన్, జనం ఉండే సెంత్రో. బస్సులు సెంత్రో నుంచి బయల్దేరతాయి, తిండి అక్కడే చవక.

రెండో రోజు చిచెన్ ఇట్సా, సెనోటె అనే సహజమైన ఈత బావి ఒకటి. మూడో రోజు ఉదయం వయ్యదొలీద్ ఊరు చూసి మెరిదా. కారుంటే దారిలో ఇసామాల్‌లో ఆగండి, ఊరంతా పసుపు రంగే. నాలుగో రోజు మెరిదా. ఐదో రోజు 80 కిలోమీటర్ల దూరంలోని ఉష్మాల్ శిథిలాలు. జనం తక్కువ, రాతి చెక్కడం చిచెన్ కంటే ఓ మెట్టు పైన. రెంటిలో ఒకటే చూడగలిగితే ఉష్మాల్ చూడమనే చెప్పాలి, కానీ మొదటిసారి వెళ్లేవాళ్లెవరూ ఆ మాట వినరు. ఆరో రోజు బస్సులో నాలుగు గంటలు ప్రయాణించి కాంకూన్. అక్కడి నుంచి ఇస్లా ముహేరెస్‌కి ఫెర్రీ 20 నిమిషాలు.

థాంక్స్‌గివింగ్‌కి నాలుగు రాత్రులే దొరికితే మెరిదా వదిలేసి, రెండు వయ్యదొలీద్, రెండు సముద్రం. ఈస్టర్ ముందు వారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, అమెరికా కాలేజీల మార్చి సెలవులు: ఈ మూడింటికీ గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

గంటల లెక్క మరచిపోవద్దు. కాంకూన్ ఉన్న కింతానా రో రాష్ట్రం ఏడాది పొడుగునా ఒక టైమ్‌లో ఉంటుంది, వయ్యదొలీద్, చిచెన్ ఇట్సా, మెరిదా ఉన్న యుకతాన్ రాష్ట్రం దానికి గంట వెనక. అటు వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, ఇటు వచ్చేటప్పుడు గంట పోతుంది. మెరిదాలో ఉదయం 8కి బస్సెక్కితే నాలుగు గంటల ప్రయాణం తర్వాత కాంకూన్‌లో 12 కాదు, ఒంటిగంట. తిరుగు విమానం రోజున మెరిదా నుంచి నేరుగా వచ్చేవాళ్లు దీనివల్లే విమానం పోగొట్టుకుంటారు.

దిగిన తర్వాత మొదటి గంట

ఇమిగ్రేషన్ అధికారి వేసే స్టాంపు మీద ఎన్ని రోజులుండొచ్చో ఉంటుంది. అందరికీ 180 ఇవ్వరు, మీ తిరుగు టికెట్ చూసి తక్కువ వేయొచ్చు. అక్కడే చూసుకోండి. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ కాగితం మీద ప్రింటు తీసి చేతిలో పెట్టుకుంటే పని తేలిక.

కస్టమ్స్ దాటి తలుపు బయటికి వచ్చేలోపు ఒక హాలు వస్తుంది. యూనిఫామ్‌లో, మెడలో కార్డుతో, 'మీ హోటల్ ఏది? మీ బండి ఇక్కడే' అంటూ పిలుస్తారు. ఎక్కువమంది టైమ్‌షేర్, అంటే రిసార్టులో వాటాలు, అమ్మేవాళ్లే. ఉచిత టిఫిను, సగం ధరకి టూరు అంటారు, తొంభై నిమిషాలన్నది మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఆగకుండా, మాట కలపకుండా బయటికి నడవండి. ముందే బుక్ చేసిన బండ్ల డ్రైవర్లు పేరు రాసిన బోర్డుతో బయటే ఉంటారు. ఆదో అనే బస్సు కంపెనీ కౌంటర్లు టెర్మినళ్లలో ఉన్నాయి. అక్కణ్నుంచి కాంకూన్ సెంత్రో, ప్లాయా దెల్ కార్మెన్, మెరిదా వైపు నేరుగా బస్సులు దొరుకుతాయి. వయ్యదొలీద్‌కి తక్కువ, వేళ కుదరకపోతే సెంత్రోకి వెళ్లి మారాలి.

కింతానా రో రాష్ట్రం 2021 ఏప్రిల్ నుంచి విదేశీ పర్యాటకులకు వీసిటాక్స్ అనే చిన్న పన్ను పెట్టింది. ఆన్‌లైన్‌లో కట్టాలి. దీని పేరుతో అధికారికంగా కనిపించే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, రెట్టింపు వసూలు చేస్తాయి. చిరునామా చివర 'జీఓబీ డాట్ ఎంఎక్స్' లేకపోతే అది ప్రభుత్వ సైటు కాదు.

సామానులో వేప్ పెట్టుకోవద్దు, మెక్సికోలోకి తేవడం నిషేధం. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉన్నవీ నిషిద్ధమే, సూడాఫెడ్ లాంటివి ఇంట్లోనే వదిలేయండి. తాజా పండ్లు, విత్తనాలు, కరివేపాకు రెమ్మలు వద్దు. అక్కడ కరెంటు 127 వోల్టులు, ప్లగ్గు అమెరికాదే. ఇండియా నుంచి వచ్చేవాళ్లకి అడాప్టర్ ఉంటే ఫోను చార్జర్లు పనిచేస్తాయి, కానీ ఇండియాలో కొన్న రైస్ కుక్కరు, కెటిల్ ఆ వోల్టేజీకి సరిగా వేడెక్కవు.

డబ్బు

పెసోకి కూడా డాలరు గుర్తే వాడతారు. మెనూలో 180 పక్కన ఆ గుర్తు చూసి బెంబేలు పడనక్కర్లేదు, అవి పెసోలు. డాలరుకి ఈ మధ్య 17 నుంచి 20 పెసోల మధ్య ఊగుతోంది. హోటల్ జోన్‌లోనూ, టూర్ల దగ్గరా మాత్రం నిజంగానే డాలర్లలో రాస్తారు, 'పెసోస్ ఓ దోలారెస్?' అని అడిగి తేల్చుకోండి.

ఏటీఎంలలో బ్యాంకు లోపల ఉన్నదే వాడాలి. హోటల్ జోన్ రోడ్ల పక్క, మందుల షాపుల ముందు నిలబెట్టిన యంత్రాలు ఫీజు భారీగా లాగుతాయి, కొన్ని డాలర్లే ఇస్తాయి. కార్డు పెట్టాక ఒక తెర వస్తుంది: ఈ రేటుకి మీ కరెన్సీలోకి మార్చమంటారా అని. వద్దు అని నొక్కండి. 'వద్దంటే డబ్బు రాదేమో' అనిపించేలా ఆ తెర ఉంటుంది, వస్తుంది. మీ బ్యాంకు రేటుకే లెక్క పడుతుంది, అది ఎప్పుడూ మేలు. షాపుల్లో కార్డు గీకేటప్పుడూ డాలర్లలోనా పెసోల్లోనా అంటే పెసోలే అనాలి. భారతీయ కార్డులకు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకుని వెళ్లండి, లేకపోతే అక్కడికెళ్లాక ఓటీపీ రాక ఇబ్బంది పడతారు.

సెనోటెలు, టాకో బండ్లు, కొలెక్తివో అనే షేరింగు వ్యాన్లు, టోల్ గేట్లు, బాత్రూములు, చాలాచోట్ల రొక్కమే. ఏటీఎం ఇచ్చే 500 నోటుకి టాకో బండి దగ్గర చిల్లర ఉండదు. వీధి చివర ఓక్సో దుకాణంలో నీళ్ల సీసా కొని మార్చుకోండి. హోటల్లో తిన్నాక బిల్లు మీరు అడిగేదాకా తేరు, తేవడం అక్కడ అమర్యాద. 'లా క్వెంతా, పోర్ ఫవోర్' అనాలి. టిప్పు 10 నుంచి 15 శాతం. బిల్లులో 'ప్రొపీనా' అని ముందే కలిపారేమో చూడండి.

బస్సా, కారా, రైలా

ఇద్దరే అయితే ఆదో బస్సు. సీట్లు బాగుంటాయి, వేళకి బయల్దేరుతుంది, ఏసీ మాత్రం గడ్డకట్టిస్తుంది, స్వెటర్ బ్యాగులో కాకుండా చేతిలో ఉంచుకోండి. వాళ్ల యాప్ విదేశీ కార్డుల్ని తరచూ తిరగ్గొడుతుంది, కౌంటర్‌లో కొనడమే సుఖం.

మాయా రైలు 2023 డిసెంబరులో మొదలైంది, కొత్తది. కానీ స్టేషన్లు ఊళ్లకు దూరంగా ఉన్నాయి. మెరిదాకి దిగాల్సింది ఊరి బయట తెయా స్టేషన్‌లో. అక్కణ్నుంచి మళ్లీ బస్సో ట్యాక్సీయో. బస్సు ఊరి నడిబొడ్డున దింపుతుంది కాబట్టి మొదటి ట్రిప్పుకి రైలు సరదా కోసమే.

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే కారు మేలు. అయితే ఆన్‌లైన్‌లో రోజుకి ఐదు డాలర్లని చూసి బుక్ చేస్తే కౌంటర్‌లో గుండె గుభేలంటుంది. మెక్సికోలో ఇతరులకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి, అది ఆ ధరలో ఉండదు. మీ అమెరికా క్రెడిట్ కార్డు కవరేజీ సాధారణంగా అద్దె కారుకి జరిగిన నష్టానికే తప్ప దీనికి పనికిరాదు. థర్డ్ పార్టీ లయబిలిటీ కలిపిన ధర ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, టైర్లు, పైకప్పుతో సహా వీడియో తీయండి.

కాంకూన్-మెరిదా టోల్ రోడ్డు నేరుగా, ఖాళీగా ఉంటుంది. పెట్రోలు బంకులు దూరం దూరంగా ఉంటాయి, ఎక్కేముందే నింపుకోండి. బంకులో మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూసి 'యేనో' అనండి, అంటే ఫుల్. పాత రోడ్డులో ప్రతి పల్లె మొదట్లో, చివర్లో 'తోపె' ఉంటుంది. స్పీడ్ బ్రేకరే, రంగు కూడా లేకుండా, కొన్ని అడుగు ఎత్తున్నాయేమో అనిపించేంత. చీకట్లో అవి కనబడవు, లైటు లేని సైకిళ్లు, కుక్కలు కనబడవు. సూర్యాస్తమయం తర్వాత డ్రైవింగ్ పెట్టుకోవద్దు. బండి ఆగిపోతే 078 కొడితే ప్రభుత్వ సాయం వస్తుంది, ప్రమాదమైతే 911.

మెరిదా, వయ్యదొలీద్‌లలో వీధులకు పేర్లుండవు, అంకెలుంటాయి. సరిసంఖ్యలు ఉత్తర దక్షిణాలు, బేసిసంఖ్యలు తూర్పు పడమరలు. చిరునామా 'కాయె 60, 55 ఇ 57' అని ఉంటే 60వ వీధిలో, 55కీ 57కీ మధ్య అని అర్థం. ఇది తెలిస్తే మెరిదాలో మ్యాప్ లేకుండా తిరగొచ్చు.

చిచెన్ ఇట్సా, సెనోటెలు

వయ్యదొలీద్ నుంచి 7 గంటలకి బయల్దేరండి. టికెట్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, ఒకటి రాష్ట్రానిది. కొన్నిసార్లు రెండు కిటికీల దగ్గర కట్టాలి. ఒకటి కట్టి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లని రోజూ చూడొచ్చు. ఆదివారం మెక్సికో వాళ్లకి ప్రవేశం ఉచితం, కాబట్టి ఆదివారం వద్దు.

8 నుంచి 10 లోపు ఎల్ కాస్తియో పిరమిడ్ ముందు జనం పల్చగా ఉంటారు. నాలుగు వైపులా వైపుకి 91 మెట్లు, పైన గుడి మెట్టు ఒకటి, మొత్తం 365. ఎక్కనివ్వరు. ఉత్తరపు మెట్ల ఎదురుగా నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే తిరిగొచ్చే శబ్దం పక్షి కూతలా ఉంటుంది. గైడ్లంతా చేయించేది ఇదే, మీరే చేసుకోవచ్చు. పక్కనే బంతాట మైదానం, 168 మీటర్ల పొడవు. గోడల అడుగున చెక్కిన పలకల్లో తల తెగిన ఆటగాడి మెడ నుంచి పాముల్లా రక్తం చిమ్మే బొమ్మ ఉంది, చాలామంది తలెత్తి గోడల పైనున్న రాతి రింగుల్ని చూస్తూ దాన్ని వదిలేస్తారు. 11కి బయటపడండి. టూరు బస్సులు అప్పుడే దిగుతుంటాయి.

అక్కడి నుంచి సెనోటెకి. ఉత్తర యుకతాన్‌లో నేల మీద నదులు లేవు. సున్నపురాయి నేల వాననీళ్లని అంతా పీల్చేసుకుంటుంది, కింద నీరు తొలిచిన గుహల పైకప్పు కూలితే ఏర్పడిన బావులే సెనోటెలు. 6.6 కోట్ల ఏళ్ల కింద ఉల్క పడ్డ చిక్షులుబ్ బిలం అంచు వెంబడి వీటిలో చాలా వలయంగా ఉన్నాయి. చిచెన్‌కి దగ్గర్లో ఇక్ కిల్ ఉంది, టూర్లన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి మధ్యాహ్నం తిరునాళ్లలా ఉంటుంది. వయ్యదొలీద్ ఊరి మధ్యలోనే సాసీ ఉంది, సాయంత్రం వెళ్లొచ్చు.

దిగేముందు షవరు తప్పనిసరి. సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకుని దిగనివ్వరు, ఆ నీళ్లే ఊళ్లకు తాగునీరు. కాబట్టి పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే ఎండకీ సరిపోతుంది. లోతు పదుల మీటర్లు ఉంటుంది, కాలికి నేల తగలదు. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్‌తో తేలొచ్చు, అద్దెకిస్తారు. కొన్ని చోట్ల టికెట్‌లోనే కలిపి ఇస్తారు. మెట్లు పాకుడు పట్టి ఉంటాయి, చెప్పులు రబ్బరువైతే మంచిది.

సముద్రం సంగతి వేరు. కాంకూన్ హోటల్ జోన్ తూర్పు ఒడ్డు బయటి సముద్రానికి తెరుచుకుని ఉంది, లాగేసే ప్రవాహాలుంటాయి. ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగవద్దు, నల్ల జెండా ఉంటే బీచి మూసినట్టే. పిల్లలతో ఉత్తరం వైపున్న ప్లాయా లంగోస్తా లాంటి నిలకడ నీళ్ల చోటుకి వెళ్లండి. బీచిలన్నీ ప్రజలవే, రిసార్టు ముందున్నదీ.

తిండి

శాకాహారులు ఎక్కువగా పొరబడేది 'సిన్ కార్నె' అంటే మాంసం లేకుండా అనుకోవడం దగ్గర. వెయిటర్ లెక్కలో 'కార్నె' అంటే ముఖ్యంగా గొడ్డు మాంసం. మీరు కార్నె వద్దన్నారు కదా అని చికెనో హామో వేసి తెస్తాడు, అతని తప్పు లేదు. ఇలా అనండి: 'నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో, ని హమోన్.' మాంసం, కోడి, చేప, హామ్ ఏదీ తిననని. గుడ్డు కూడా వద్దంటే 'ని ఉయెవో' కలపండి.

ఇది చెప్పాక కూడా మూడు చోట్ల దొరికిపోతారు. ఒకటి, బీన్స్. నల్ల బీన్స్‌ని పందికొవ్వులో వేయించి మెత్తగా చేస్తారు. 'కోన్ మంతెకా?' అని అడగండి. మంతెకా అంటే పందికొవ్వు, మంతెకియా అంటే వెన్న, కంగారులో రెండూ ఒకటేలా వినిపిస్తాయి. రెండు, అన్నం. ఎర్రగా టమాటాతో చేసిన అన్నం సాధారణంగా చికెన్ ఉడికించిన నీళ్లతో వండుతారు. మూడు, తమాల్, అంటే ఆకులో చుట్టి ఉడికించే మొక్కజొన్న పిండి వంట. లోపల కూరగాయలే ఉన్నా పిండిలో పందికొవ్వు కలుపుతారు. వీధి బండి మీద పెనం ఒకటే, చీజ్ పెట్టి మడిచిన రొట్టె కెసాదియా కూడా చికెన్ పక్కనే కాలుతుంది. ఇది పట్టింపు ఉన్నవాళ్లు వంటగది ఉన్న గది తీసుకోవడమే మార్గం. సూపర్‌మార్కెట్లలో బియ్యం, మసూర్ పప్పు, కూరగాయలు దొరుకుతాయి. పెరుగన్నానికి 'నాతురాల్, సిన్ అసూకార్' అని రాసి ఉన్న పెరుగే తీసుకోండి, లేకపోతే తియ్యటి పెరుగు కలుపుకుంటారు.

పట్టింపు లేని శాకాహారులకి యుకతాన్‌లో మంచి రుచులున్నాయి. సికిల్ పాక్ అని గుమ్మడి గింజలు వేయించి నూరి, నిప్పుల మీద కాల్చిన టమాటా, కొత్తిమీర వేసి కలుపుతారు. అచ్చం మన రోటి పచ్చడే, నంజుకోవడానికి మొక్కజొన్న చిప్స్ ఇస్తారు. పపాద్సులెస్ అంటే అదే గింజల పులుసులో ముంచిన మొక్కజొన్న రొట్టెలు, లోపల ఉడికిన గుడ్డు. చాయా అనే ఆకుకూర గుడ్డుతో చేస్తారు. సాయంత్రం మెరిదా కూడళ్లలో మార్కెసీతా బండ్లుంటాయి, కరకరలాడే గొట్టంలాంటి దోసెలో తురిమిన చీజ్. మనవాళ్లు ఇట్టే ఇష్టపడేది ఆగ్వా దె హమైకా: ఎర్ర గోంగూర కాయల రేకులు మరిగించి చేసిన పానీయం. చింతపండుతోనూ చేస్తారు, 'తమరిందో' అనండి. సపోటా పుట్టిల్లు కూడా ఈ ప్రాంతమే, మార్కెట్లో చికోసపోతె పేరుతో దొరుకుతుంది.

మాంసం తిని గొడ్డు మాంసం, పంది మాంసం మానేసినవాళ్లకి ఐదు పేర్లు చాలు. రెస్ అంటే గొడ్డు మాంసం. పుయెర్కో, సెర్దో రెండూ పంది. పోయో కోడి, పావో టర్కీ. పేరులో తెలియనివి: అల్ పస్తోర్, కొచినీతా పిబిల్, లొంగనీసా పందివి, అర్రచేరా గొడ్డు మాంసం. పావోతో చేసే సల్బూతె అనే వేయించిన చిన్న రొట్టెలు, నిమ్మకాయ వాసన కొట్టే సోపా దె లీమా అనే సూప్ సులభమైన దారి. కొచినీతా తినేవాళ్లు ఆదివారం పొద్దున్నే మార్కెట్‌లో తినాలి, మధ్యాహ్నానికి అయిపోతుంది.

బల్ల మీద పచ్చగానో నారింజగానో చిన్న గిన్నెలో పెట్టేది హబనేరో మిరప పచ్చడి. 'గుంటూరు వాళ్లం, మాకేంటి' అని చెంచాతో వేసుకోవద్దు. కారం కొలిచే స్కోవిల్ కొలతలో గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000, హబనేరో లక్ష నుంచి మూడున్నర లక్షలు. చుక్క నాలికకి తగిలించి చూసి అప్పుడు వేసుకోండి.

కుళాయి నీళ్లు పళ్లు తోముకోవడానికే. హోటల్లో 20 లీటర్ల క్యాన్ ఉంటుంది, సీసాలు దానితో నింపుకోవచ్చు. రెస్టారెంట్ల ఐసు శుద్ధి చేసిన నీళ్లదే, మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ఆకారంలో ఉంటుంది. కడుపు చెడితే ఓక్సోలో ఎలెక్త్రోలీత్ అనే లవణాల నీళ్ల సీసా దొరుకుతుంది. మందుల షాపుల్లో చాలావాటి పక్కనే డాక్టరు గది ఉంటుంది, తక్కువ ఫీజుకి చూస్తారు. డెంగీ దోమలున్నాయి, సాయంత్రం డీట్ ఉన్న దోమల మందు రాసుకోండి. బాత్రూముల్లో కాగితం పక్క బుట్టలో వేయాలి, పైపులు సన్నం. జెట్ స్ప్రే ఉండదు, ఖాళీ సీసా ఒకటి బ్యాగులో పెట్టుకుంటే రోజు గడుస్తుంది.

తిరుగు ప్రయాణం

హోటల్ జోన్ నుంచి విమానాశ్రయానికి అరగంటే, కానీ శని ఆదివారాల్లో రెట్టింపు పడుతుంది. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండండి, ఏ టెర్మినలో ముందు రోజే చూసుకోండి. అవి పక్కపక్కన లేవు. మిగిలిన పెసోలు అక్కడి తిండికి ఖర్చుపెట్టండి, మార్పిడి కౌంటర్ రేటు దారుణం.

అమెరికాలో దిగిన రెండు రోజుల్లో అమెరికా కస్టమ్స్ శాఖ (సీబీపీ) సైటులో కొత్త ఐ-94 డౌన్‌లోడ్ చేసి తేదీ చూడండి. పాస్‌పోర్టు గడువు ఐ-797 కంటే ముందే తీరుతుంటే, అధికారి పాస్‌పోర్టు తేదీ దాకే ఐ-94 ఇచ్చే అవకాశం ఉంది. చాలామంది పాత ఐ-797 తేదీనే లెక్కలో ఉంచుకుని, తెలియకుండానే గడువు దాటిస్తారు. అలా వస్తే పాస్‌పోర్టు రెన్యూ చేయించి, ఆ తేదీకి ముందే కంపెనీ లాయర్‌తో ఎక్స్‌టెన్షన్ పెట్టించండి, లేదా ఇంకోసారి దేశం దాటి వచ్చి కొత్తది తెచ్చుకోండి.